ఉన్నట్టు చెప్పబడినవి

గ్రీమ్స్‌పేటలో మొదలి ఆఫీసు.
కింద పంచరు షాపు, పైన మేము,
పట్టుకోను కమ్మీ లేని మెట్లు.
పద్దెనిమిదేండ్లు ఎక్కినా.

నా చేత్తో రాసిన కాగితాలు
చెన్నపట్నం రేవు దాటి జెద్దా చూసినాయి, రాటర్‌డ్యామ్ చూసినాయి.
నేను కాట్పాడి దాటింది
పరీక్షకు పోయినప్పుడే.

తోతాపురి గుజ్జు, రెండునూర్ల పదైదు కేజీల డ్రమ్ము,
ఎనభై డ్రమ్ములు ఒక పెట్టె.
బరువు నాది, లెక్క నాది, తప్పొస్తే తిట్లు నావి.
అడుగున సంతకం మాత్రం మొదలిది.
లైసెన్సు ఆయన పేర్న ఉండాది గదా.

ఒక దినం పేపరు మడిచి పెట్టి అనె:
"కుమారీ, కండ్లల్లో శుక్లాలు.
నా సంతకం నాకే ఆనడంలా.
నువ్వే రాసెయ్ పరీక్ష."
టీ తెప్పించమన్నట్టు
అంత సులువుగా.

మొదటిసారి తప్పినా.
రెండోసారి తొమ్మిది మార్కుల్లో తప్పినా.
చట్టం పుస్తకం గ్యాసుబండ మీద పెట్టుకోని
పప్పు ఉడికేలోపల ఒక సెక్షను,
పప్పు అడుగంటితే రెండు.
మా గురవయ్య డిపోలో మెకానిక్కు,
గ్రీజు చేత్తోనే పుస్తకం పట్టుకోని ప్రశ్నలడిగేవాడు.
'జప్తు' అనే మాట దగ్గిర
ఇప్పటికీ ఆయన బొటనేలు ఉండాది.

ఆస్తి ఉందని బ్యాంకు రాసియ్యాలంట.
"ఏముందమ్మా మీకు?" అనె మేనేజరు, అద్దాలు తుడుచుకుంటా.
మురకంబట్టులో రెండున్నర సెంట్ల స్థలం సార్,
దాంట్లో ఎవురో ట్రాక్టరు ట్రాలీ నిలబెట్టుకోనుండారు.
ఆయన స్థలం రాసినాడు,
ట్రాలీని వదిలేసినాడు.

మూడోసారి నోటి పరీక్ష దాకా పోయినా.
కస్టమ్స్ హౌసులో పొడుగు బల్ల, ముగ్గురు ఆఫీసర్లు.
నా ముందర గ్లాసుడు నీళ్ళు,
తాగొచ్చునో లేదో ఎవురూ చెప్పలా.

నడిమాయన అడిగె: "డ్రమ్ములో ఏముంది?"

గుజ్జు అనబోయి ఆగినా.
ఇన్నేండ్లూ ప్రతి బిల్లు మీదా అచ్చేసుండే మాట
అప్పుడు అడ్డమొచ్చె:
ఉన్నట్టు చెప్పబడినవి.
ఓడవాడు అట్లే అంటాడు, పెట్టె తెరవడు.
సీలు చూస్తాడు, అంకె చూస్తాడు, మోసుకోని పోతాడు.
అబద్ధమూ కాదు.
నిజమని ఒట్టూ పెట్టడు.

"ఉన్నట్టు చెప్పినారు సార్" అన్నా.
"మరి నువ్వు దేన్ని చూసి సంతకం పెడతావు?"
నీళ్ళు తాగేసినా.
"చెప్పినోడి మొగం చూసి."
అది పుస్తకంలో లేదు.
ముగ్గురూ ఏందో రాసుకున్నారు.

స్పీడుపోస్టులో లైసెన్సు వచ్చింది కాయ దిగే కాలంలో.
ఆ యేడు కాయకు ధర లేదు.
ఫ్యాక్టరీ గేటు కాన్నుంచి దామలచెరువు రోడ్డు పొడుగునా ట్రాక్టర్లు,
ఎండకు చెమర్చిన కాయ, పులిసిన వాసన.
రెండు రాత్రులు చక్రాల కింద పండుకున్న అరగొండ రైతు
నా చేతిలో కవరు చూసి
"టోకెనా అమ్మా?" అనె.
కాదన్నా. మరేందో చెప్పను నోరు రాలా.
"నాది నూటానలభై" అని అరచెయ్యి చూపించె.
పెన్నుతో రాసుండాది,
చెమటకు సున్నా సగం పోయింది.

ఆ రాత్రి లోపల నిలబడి
డ్రమ్ములు నిండేది చూసినా, ఎనభై దాకా.
చూడాల్సిన పనిలేదు, ఎవురూ అడగరు.
వీటిల్లో నూటానలభై ఏదో
గుజ్జును చూస్తే తెలిసేది కాదు.
తెల్లారి బిల్లు మీద ఆ మాట అట్లే ఉండె.
కొట్టెయ్యను కుదరదు, అచ్చు.
దాని కింద, మొదటిసారి,
పి. మునికుమారి.
'ని'కి గుడి పెట్టేటప్పుడు చెయ్యి ఒణికి
కొంచెం పెద్దదైంది.

మూడు దినాలకు
బోర్డు రాసే పిల్లోడు నిచ్చెన మీదనుంచి అరిచె:
"అక్కా, పేరు ఎంత సైజు?"
మొదలి కింద నిలబడి
ఆనకపోయినా మెడెత్తి చూస్తానే ఉండాడు.
"ఫోను నంబరు కంటే చిన్నదిగా రాయి నాయనా,
రాత్రిపూట డ్రైవర్లకు అదే కావాల."