బోర్లా పెట్టిన రాయి

నలభై ఏళ్ళుగా చెక్కుతున్నా,
చీమకుర్తిలో, క్వారీ రోడ్డు పక్కన రేకుల షెడ్డులో.
శంకుస్థాపనలు, సమాధులు,
గుడిమెట్లకి చందాలిచ్చినోళ్ళ ఇంటిపేర్లు.
అక్షరానికింతని రేటు.
ఒక్క కొమ్ము తప్పితే రాయంతా తప్పినట్టే.
ఏది చెక్కినా పదిమంది చదవడానికే.

మొన్ననే మొదటిసారి
ఎవరూ చదవకూడనిది చెక్కాల్సొచ్చింది.

ఫోనులో కాస్త కాస్తగా కొన్న బిట్‌కాయిన్.
ఆ యాప్ ఒకరోజు తెరుచుకోలా.
మూడు రాత్రులు పైకప్పు రేకులు లెక్కబెట్టా.
నాలుగోనాడు తెరుచుకుంది గానీ
పరాయోడి బీరువాలో ఉన్నది నా సొమ్మెట్టా అవుద్ది?

ఒంగోల్లో, కర్నూలు రోడ్డులో ఒకాయన
బొటనవేలంత పరికరం చూపించాడు, సగం ధరకే.
పెట్టెలో చీటీ, చీటీ మీద ఇరవైనాలుగు మాటలు,
ముందే అచ్చేసి.
"అంతా సెట్ చేసే ఇస్తన్నా పెద్దాయనా, నీకు శ్రముండదు."
మా షెడ్డు లెక్కలు రాసే మస్తానమ్మ నా మోచెయ్యి గిల్లింది.
బయటికొచ్చాక అంది:
"తాళం ఆయన అమ్ముతాడు, చెవి నకలు ఆయన జేబులో ఉంటది.
నీ డబ్బు పెట్టడమే తరువాయి."

తయారుచేసినోళ్ళ దగ్గర్నుంచే తెప్పించాం.
పదకొండు రోజులు.
నీళ్ళు చల్లి బ్లాకులో చీలిక వెతికినట్టు
సీలు వెతికాను నాలుగు మూలలా.
పిన్ను పెట్టుకోమని ఆ పిల్ల గోడవైపు తిరిగింది.
"పుట్టినరోజు పెట్టబాక" అంది.
తెలిస్తే కదా, పెట్టడానికి.

చిన్న తెర మీద ఒక్కో మాటా వచ్చింది.
ఇంగ్లీషు మాటలు. ఏ మాటలో చెప్పను,
ఈ రాతలో వెతకబాకండి.
అలవాటుగా ఫోనెత్తాను, ఫొటోకి.
చెక్కిన ప్రతి రాయీ ఫొటో తీసి పార్టీకి పంపుతాగా.
"వద్దు!" గోడవైపు తిరిగే అరిచింది మస్తానమ్మ.
నా జేబులో చప్పుడు ఆమెకెట్టా వినిపించిందో!

పెన్సిలుతో రాసుకున్నా.
అర్థం తెలియని అక్షరాలు నాకు కొత్తేం కాదు.
అరబీ చెక్కా, తమిళం చెక్కా,
గీతకి గీత పోల్చుకుంటా.

ఐదొందలు పంపాం. చేరినయ్.
"ఇప్పుడు దాన్నంతా తుడిచెయ్" అంది.
పాతికేళ్ళప్పుడు ఒక గెలాక్సీ బ్లాకు క్రేన్ మీంచి జారింది;
మళ్ళీ అదే వణుకు కాళ్ళల్లో.
తుడిచేశా. ఖాళీ.
కాగితం చూసి ఇరవైనాలుగూ వరసగా కొట్టా,
పదహారోది తప్పి, మళ్ళీ కొట్టా.
ఐదొందలూ ఉన్నచోటే ఉన్నయ్.
డబ్బు పరికరంలో లేదు,
మాటల్లో ఉంది.
మిగతాదంతా ఆ తర్వాతే పంపింది.

వారానికొక ఫోను. కంపెనీ నుంచంట, తియ్యటి గొంతు,
"మీ మాటలు ఒకసారి సరిచూడాలండీ."
"అక్షరానికి నలభై రూపాయలు, అడ్వాన్సు పంపు" అన్నా.
పెట్టేశాడు.

కాగితానికి చెద ఉంది, వాన ఉంది.
కంప్రెసర్ ఆగాక, కుర్రాళ్ళు వెళ్ళాక,
నాయన ఇచ్చిపోయిన ఉలి తీశా.
ప్రతి మాటకీ మొదటి నాలుగక్షరాలు చాలంట,
పనివాడి కష్టం తెలిసినోడే కనిపెట్టుంటాడు.
నల్ల రాయిలో బంగారు నలకలు లైటుకి మెరుస్తా ఉంటే
రెండు ముక్కల మీద చెక్కా.
ఒకటి ఊళ్ళో లేదు.

అంకమ్మ వచ్చి నిలబడింది. "అదేం రాత?"
"నేను పోయాక తిప్పి చూడు, మస్తానమ్మని పిలువు.
అప్పటిదాకా ఎవరడిగినా రాయి అని చెప్పు."
"నువ్వు పోతే
నీ పేరు చెక్కేదెవరో ముందది చెప్పు" అని
అన్నం పెట్టడానికి వెళ్ళిపోయింది.

రెండోది ఎక్కడుందంటారా?
చీమకుర్తి రండి.
ఏ గుమ్మం ముందు చూసినా
బోర్లా పడున్న నల్ల రాళ్ళే.