రెండు వందల యాభై ఆరు గళ్ళు

మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు దిగి
ఒళ్ళంతా తోతాపురి వాసనతో
మురకంబట్టు దాటి దస్తగిరి షెడ్డుకొస్తే
నా పాత జెన్ను బానెట్ నోరు తెరుచుకొని
నాకంటే ముందే నిద్ర లేచి ఉండాది.

కొత్త క్యామ్‌షాఫ్టు, పెద్ద ఇంజెక్టర్లు,
చెవులు పోయే సైలెన్సరు.
రెండేండ్ల ఓవర్‌టైమంతా దాని కడుపులోనే.
పాత మెదడుకు ఈ కొత్త ఒళ్ళు అర్థం కాక
సిగ్నలు కాడ దగ్గుతాది,
గ్రీమ్స్‌పేట మలుపులో ఆగిపోతాది.
వెనకాల ఆటోవాడు తమిళంలో ఒక మాట,
తెలుగులో రెండు మాటలు అంటాడు.

"ముందు సాఫ్ట్‌వేర్ తేల్చుకో మునిలచ్చిమీ,
పెట్టె దాని వెంట వస్తాది" అన్నాడు దస్తగిరి.
కార్బురేటర్ స్క్రూను చెవితో తిప్పిన మనిషి.
ల్యాప్‌టాప్ దగ్గరికి మాత్రం
పొంగబోయే పాలగిన్నె దగ్గరికి వచ్చినట్టు వస్తాడు.

మూడు దించుకొని చూసినాను.
డ్వెల్ అంటే ఏంది, ల్యాంబ్డా అంటే ఏంది,
పదో తరగతికి మళ్ళీ ఫీజు కట్టినట్టుండాది.

మొదటిది గంగజాతర సీరియల్ సెట్టు.
డయళ్ళు వెలుగుతాయి, ఆరుతాయి, ఎర్రగా ఊగుతాయి.
అంతా నేనే చూసుకుంటానని ఒక బటన్.
నొక్కితే చక్రం తిరిగి ఆకుపచ్చ టిక్కు పడింది.
ఏం మార్చిందో యాడా రాయలేదు.

రెండోది గుణశేఖర్ పెన్‌డ్రైవ్‌లో తెచ్చినాడు,
వేలూరు నుంచి, తాళం పగలగొట్టింది.
"లక్ష రూపాయల సరుకు, నీకు ఒక బిర్యానీకి."
యాంటీవైరస్ మూడుసార్లు అరిచింది.
దాన్ని ఆపెయ్యి, అన్నాడు.
దస్తగిరి ఏమీ అనలేదు.
బోల్టులు వేసుకునే పాత పిస్టన్‌ను
బోర్లించి నా ముందర పెట్టినాడు.
నెత్తిన రూపాయి బిళ్ళంత బొక్క,
అంచులు కరిగిన బెల్లం మాదిరి.
గుణశేఖర్ టీ తాగకుండానే పోయినాడు.

మూడోది చూడ్డానికి ఏమీ బాగలేదు.
బూడిదరంగు కిటికీ, మున్నూరు పేజీల పుస్తకం,
పదహారు అడ్డం, పదహారు నిలువు,
ఒక్కో గడిలో ఒక్కో అంకె.
మారిస్తే గడి నీలం అవుతాది,
పాత అంకె పక్కనే చిన్నగా నిలబడి ఉంటాది.
పోయిన వారం నేను చేసిన తప్పును
తారీఖు, గంట, నిమిషంతో చూపిస్తాది.

ఈ పని నాకు తెలుసు.
ల్యాబులో రోజుకు నలభై సార్లు బ్రిక్స్ చూస్తా.
గాజు మీద గుజ్జు వేసే ముందు
నీళ్ళ చుక్క వేసి సున్నా వస్తాదా అని చూస్తా.
సున్నా చెప్పలేని మీటరు
తీపి గురించి ఏం చెప్పినా నమ్మను.
బ్యాచ్ నంబరు లేని డ్రమ్ములో
ఎంత మంచి గుజ్జున్నా కాలవలోకే.

ఊరికే రాదు అది. వచ్చే నెల చీటీ పాడి కడతాను.

ఆదివారం తెల్లారి మొగిలి ఘాటు.
దస్తగిరి చేతిలో స్టీరింగు, నా ఒళ్ళో ల్యాప్‌టాపు,
కేబులు గేరు రాడ్డుకు చుట్టుకోకుండా
చున్నీ పిన్నుతో సీటుకు గుచ్చినా.
మూడో గేరు. మూడు వేల ఐదొందలు. ఎత్తు.
గళ్ళ మీద చుక్క కదులుతా ఉండాది,
తొక్కుడుబిళ్ళ ఆడే పిల్ల మాదిరి
ఒక గడి గెంతి ఇంకో గడికి.
అంకె పదమూడు దాటింది. పద్నాలుగు.
పద్నాలుగున్నర.
"కాలు తియ్యన్నా!"
నా నోటి మాట పూర్తి కాకముందే తీసేసినాడు.
"నువ్వు యాడ చూసినావు?"
"చూడలా. లోపల ఎవురో గులకరాళ్ళు ఆడించినారు."

పక్కకు ఆపి ఆ గడిలో నాలుగు కలిపినా,
చుట్టూ నాలుగు గళ్ళలో రెండేసి.
ఎందుకు మార్చినావని అడిగింది బూడిదరంగు కిటికీ.
దస్తగిరి అన్నకు వినపడింది, అని కొట్టినా.

పలమనేరు టమోటా లారీలు
హారన్ కొట్టుకుంటా దిగిపోతా ఉండాయి.
రెండు వందల యాభై ఆరులో
ఐదు నీలం.
"ఇంగోసారి, కింద నుంచి" అంటా
ఆయన బండి తిప్పినాడు.