పెరగనిది

సునాబెడలో మా క్వార్టర్ ముందు
రెండు మంచాల మేర నేల.
ఒక మంచం దాలినాయుడిది,
రెండోది నాది. చిక్కుడు, బంతి, కాసిని మిరప.

సిమిలిగుడ నర్సరీలో ఖగపతి
గోనెపట్టా విప్పి చూపించాడు:
మూరెడు మొక్క, ఒళ్ళంతా సూదులు,
నీలిమందు ఎక్కువైన తెల్లపంచె రంగు.
"బ్లూ స్ప్రూస్. మంచు పడే దేశాలది.
పెరగదు బాబూ, అదే దీని గొప్ప."
మూడొందల యాభై పోసి
పెరగనిదాన్ని కొనుక్కొచ్చిన మగాణ్ణి
నేనైతే ఇతన్నే చూశాను.

గొయ్యి అడుగున ఇటుకముక్కలు పరిచాడు.
మా వానలు ఆషాఢంలో పట్టుకుంటే
గోడలకి కూడా వేళ్ళు కుళ్ళిపోతాయి.
మట్టి దిబ్బచేసి, దాని మీద కూర్చోబెట్టాడు,
గోడకి నాలుగడుగుల ఎడంగా.
"ఇంత బుల్లిదానికి అంత చోటా?"
"ముందుముందు నడుం వెడల్పవుద్ది"
అన్నాడు, నా వైపు చూడకుండా.

టూల్‌రూంలో ఇరవైయేడేళ్ళు
మిల్లీమీటరులో వందో వంతు కోసం
కళ్ళు పాడుచేసుకున్న మనిషి.
ప్రతి జనవరి ఒకటికీ వెర్నియర్ పట్టుకుని
దాని ముందు మోకాళ్ళ మీద కూర్చుంటాడు.
మొదటేడు ముప్ఫై ఒకటి.
రెండో ఏడు ఇరవై ఆరు.
మూడో వేసవిలో ఎర్రనల్లి పట్టి
సగం ఒళ్ళు ఇటుకపొడి రంగుకి తిరిగింది.
జాలేసి, సబ్బునీళ్ళతో నేనే రుద్దాను.
నల్లి పోయింది. నీలమూ పోయింది.
అది రంగు కాదట,
సూది సూదికీ పూసుకున్న మైనమట.
పది రోజులు నాతో మాట్లాడలేదు
దాలినాయుడు. మొక్క ఎలాగూ మాట్లాడదు.

"ఏం కాస్తాది?" అనడిగేది సొంబారి,
ఆదివారం సంతకి పోతూ అల్లం గంప దించుకుని.
కాయదు.
"కూరకి?"
పనికిరాదు.
"మేకకి?"
ముట్టుకోదు.
మా ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగోలేనట్టు
తలూపి వెళ్ళిపోయేది.

ఆ మరుసటేడు డిసెంబరు.
ఒక్క రాత్రి చలికి నా చిక్కుడు తీగ
కాల్చినట్టు నల్లబడింది.
దేవమాలి వైపు నుంచి మంచు దిగి
గేటు దాకా వచ్చి నిలబడింది.
అది మాత్రం, చైత్రంలో వేసిన సూదులతో,
మళ్ళీ పూసుకున్న నీలంతో,
సొంతూరి వాళ్ళెవరో వచ్చినట్టుంది.

సొంబారి ఆవేళ గంప దించలేదు.
ఒక చేత్తో దాన్ని పట్టుకునే వంగి
రెండో చేతి వేలితో ఒక రెమ్మని రాసింది.
వేలికొసన బూడిదంత నీలం.
ముంజేతి మీది పచ్చబొట్టు పక్కన పెట్టి
చాలాసేపు చూసుకుంది.
"నాకు ఎనిమిదేళ్ళప్పుడు పొడిచారు.
మా అమ్మ కాళ్ళు పట్టుకుంది.
దీనికెవరు పట్టుకున్నారో."

జనవరి ఒకటిన ఆయన కొలిచాడు.
ఇరవై రెండు.
ముక్కు మీది కళ్ళజోడు సర్దుకుని పుస్తకంలో రాసుకున్నాడు.
నేను నా మంచం మేర మళ్ళీ తవ్వుతూ
అటు పక్క ఒక జానెడు
తవ్వకుండా వదిలేశాను.