సంఘటన జరిగిన స్థలం

నాంపల్లి కోర్టు ఎదురు సందులో
నాది టైపు కొట్టు. పేజీకి ముప్పై.
కీబోర్డు మీద 'ర' అరిగిపోయి మూడేళ్ళయింది.
రూపాయలు, రుణాలు, రాజీలు,
అన్నీ ఆ మీట మీదుగానే పోతాయి మరి.

మధ్యాహ్నం ఒకాయన వచ్చాడు, ఏసీ మెకానిక్.
చొక్కా జేబులో టెస్టరు, ఇంకా అలవాటుగా.
పేరు: కంచర్ల సుదర్శనం. వయస్సు: ముప్పై ఎనిమిది.
నివాసం: బోరబండ, సైట్ త్రీ.
ఇంతవరకూ చకచకా నడిచింది.

"సంఘటన జరిగిన స్థలం?" అన్నాను.
ఆయన ఫ్యాను వైపు చూశాడు.

"ఏడని రాస్తవమ్మా...
మెట్ల మీద. బాత్రూంల, నల్లా ఇడిసిపెట్టి.
మాదాపూర్ల పదకొండో అంతస్తు బయట
నడుముకు బెల్టు కట్టుకొని ఏలాడుకుంట
గాలిల ముక్కలు తిప్పిన.
ఫోన్ల మాత్రం నేను గోవాల ఉన్న."

గోవాలోనా?

ఇక్కడ ఆ ఆట చెల్లదు.
మీ రాష్ట్రానికి అనుమతి లేదంటూ
యాప్ మొహం మీదే తలుపేస్తుంది.
దొడ్డిదారి చూపిన కుర్రాడు
యూసుఫ్‌గూడ టీ బండి దగ్గర
పైసా కూడా అడగలేదట.
మ్యాపు మీది నీలం చుక్కను వేలితో పట్టి
తీసుకెళ్ళి సముద్రం ఒడ్డున దించాడు.
ఆ తర్వాత ఒక గడి:
'నేను తెలంగాణ నివాసిని కాను.'
టిక్.

నీలోఫర్‌లో పుట్టినవాడు,
వారాసిగూడ గల్లీల్లో మోకాళ్ళు చెక్కుకున్నవాడు
బొటనవేలితో ఊరిని కొట్టేసుకున్నాడు.
పదకొండు నెలలు సముద్రం ఒడ్డునే ఉన్నాడు,
చెప్పుల్లో ఒక్క ఇసుక రేణువు లేకుండా.

మొదటి రాత్రి పద్దెనిమిది వందల నలభై వచ్చాయి.
బిడ్డకు బడి బూట్లు కొన్నాడు.
"బూట్లు ఇంకా గట్టిగనే ఉన్నయమ్మా,
దాని కాలే పెరిగింది."

మిగతాది వరసగా కొట్టుకుపోయాను.
చిట్టీ డబ్బు. గేజి సెట్టు. వాక్యూమ్ పంపు.
బామ్మర్ది బండి కాగితాలు.
నాలుగు లోన్ యాప్‌లు; అందులో ఒకటి
ఫోన్లో ఉన్న ప్రతి పేరుకీ ఈయన ఫొటో పంపింది,
'దొంగ' అని రాసి,
ఎప్పుడో ఫ్రిజ్ బాగుచేసిన డాక్టరమ్మకు కూడా.
మొత్తం ఆరు లక్షల పన్నెండు వేలు.
నేను సున్నాలు కొడుతుంటే ఆయన పెదవులు కదిలాయి,
ఒకటి ఎక్కువ పడుతుందేమోనని.

"గ్యాసు లీకైతే సబ్బునీళ్ళు పూస్తం,
ఏడ పోతుందో ఆడ బుడగ లేస్తది.
దీనికేం పూయాలె?"

పక్క బల్ల వకీలు శేషాచారిగారు
అన్నం డబ్బా మూస్తూ అన్నారు:
"సంతకం పెట్టే ముందు ఆలోచించు నాయనా.
ఆడించినవాడికే కాదు, ఆడినవాడికీ ఉంది సెక్షను.
వాడి చిరునామా ఏ దీవిలోనో.
నీదైతే ఇదిగో, ఈ కాగితం మీదే ఉంది."

ఆయన అన్నది తప్పు కాదు.
ఫిర్యాదు తిరగేస్తే ఒప్పుకోలు.
నా ప్రింటరుకు తేడా తెలీదు.

కాసేపు ఎవరం మాట్లాడలేదు.
కొత్త పేజీ తెరిచాను.
"ముందు ఆ ఫొటోల వాళ్ళ మీద రాద్దాం.
అవి వచ్చిననాడు ఎక్కడున్నారు?"
"ఇంట్ల. బిడ్డ టీచరు ఫోన్ చేసింది."
"ఇల్లంటే?"
ఈసారి ఫ్యాను వైపు చూడలేదు.
"బోరబండ. సైట్ త్రీ. నీళ్ళ ట్యాంకు ఎనక."

కొట్టాను. సంతకం పెట్టాడు.
ముప్పై రూపాయలు స్కాన్ చేశాడు.
బల్ల మీది డబ్బా ఆడగొంతుతో
డబ్బు అందిందని అరిచింది.
ఆయన భుజం ఒక్కసారి అదిరింది.
గెలిచిన రాత్రి కూడా
ఏదో గొంతు అట్లాగే అరిచిందేమో, నేను అడగలేదు.

మొదటి పేజీ ఇంకా తెరిచే ఉంది,
ఒక్క గడి ఖాళీగా.
సేవ్ చేయాలా వద్దా అని అడుగుతోంది మిషను.
సాయంత్రం కరెంటు పోయేదాకా
జవాబు చెప్పలేదు నేను.