ఒక్క గడప

కరెంటు బిల్లు వస్తది.
ఎనుమాముల మిర్చి రేట్లు టంచనుగ వస్తయి.
ఒక్క చదరంగం సైటే రాదు.
ఫోన్ల వస్తది, పక్కింటి సుగుణక్క ల్యాప్‌టాప్‌ల గూడ వస్తది.
నా డబ్బాలనే రాదు.

కేబుల్ సమ్మయ్య వచ్చిండు,
కాజీపేట కాలనీ దుమ్మంత చెప్పులకేసుకొని.
రౌటర్ బందువెట్టి ఇరవై లెక్కవెట్టిండు.
బ్రౌజర్ మార్చిండు. తారీఖు సరిజూసిండు.
"లైన్ మంచిగనే ఉన్నది మేడం,
మీ డబ్బకే ఆ సైటు మీద అలక."

చాయ్ సల్లారింది.
లోపట్లోపట ఏదో చిన్న ఫైలు తెరిచిండు, హోస్ట్సట.
ఆఖర్ల ఆ సైటు పేరు,
దాని ముంగట నూట ఇరవై ఏడు, సున్న, సున్న, ఒకటి.
"అంటే?"
"ఆడికి పోతనంటే
మీ ఇంటికే మర్లగొడ్తది."

దాని మీద ఇంకో వరుస,
ఇంగ్లీషు అక్షరాలల్ల తెలుగు:
గ్రూప్స్ పరీక్ష అయ్యేదాక.

చేతిరాత లేదు గని
ఆ తొందర నాదే.
రెండుసార్లు వాయిదా పడ్డది, ఒకసారి రద్దయింది,
మళ్ల ఎప్పుడో నేనే పుస్తకాలు అటక మీదికెక్కిచ్చిన.
తాళం సంగతే యాదికి లేదు.

"తీసేయాల్నా మేడం?"

కిటికీ అవతల బొగ్గు గూడ్సు,
ఒక్కో డబ్బ, ఒక్కో డబ్బ.
అది పోయేదాక ఆగుమన్న.