నీరటి లెక్క

నెలకొక్కసారి, రెండో మంగళారం,
ఐసు డబ్బా భుజానికేసుకొని
నల్లగొండ బస్సు దిగుత.
లోపల ఆరు గాజుసీసాలు.
అండ్ల ఒకటి మా కత్వకు.

నాయిన అప్పటికే తూము కాడుంటడు
పారకట్టె మీద గదువ ఆనిచ్చి.
మోకాళ్ల దాక పసుపు కలిపిన నూనె.
అది పుయ్యకుంట మూసిల దిగితే
తెల్లారేదాక గీరుకునుడే.

నీరటి జానయ్య అంటే
ఎవని మడికి ఎన్ని గడియల నీళ్లో
నీడను చూసి చెప్పిన మనిషి.
కత్తులు నూరుకున్న అన్నదమ్ములను గూడ
ఒక్క మడువ కాడ నిలబెట్టిన మనిషి.
ఇప్పుడు నురగను చూసి
పట్నం ముచ్చట్లు చెప్తడు.

"మొన్న ఐతారం గద, ఊరు ఊరంత బట్టలుతికిండ్రు.
సూడు, నడుములోతు లేసింది."
హోలీ ఎల్లిన రెండోనాడు
కాలువ గులాబీరంగుల దిగిందట.
వినాయకులు మునిగిన వారానికి
నాటేసేటోళ్ల కాళ్లకు ఒక చెవి తగిలిందట,
ఏనుగుది.
కడిగి ఒడ్డు మీద పెట్టి
మొక్కి, మళ్ల వంగిండ్రట.

నడిజామున వచ్చే నీళ్ల గురించి మాత్రం
మాట్లాడడు.
అవి వచ్చినప్పుడు కుక్కలు లేస్తయి.
ఏ ట్యాంకరు, ఏ నాలా కాడ, ఎవని చీకట్ల...
నాకు తెలుసనుకుంటడు.
గవుర్మెంటు బిడ్డను గద.
కాంట్రాక్టు బిడ్డనని ఎన్నిసార్లు చెప్పినా.

సీసా ముంచుత.
మూతి ఎగువకు పెట్టి, బుడగ దూరకుంట,
నేర్పినట్టే.
రెండు మందులు రెండు చుక్కలు.
మూత పెట్టి తలకిందులు చేస్త.

"గిదేం సూస్తది బిడ్డా?"
"నీళ్లల్ల ఊపిరెంతున్నదో."
నాయిన కండ్లు చిట్లించి సీసా దిక్కు వంగిండు.
అడుగున మెల్లగ పేరుకుంటున్నది,
మల్లెపువ్వు లెక్క తెల్లగ.
"మంచిగనే ఉన్నది గద!"

నేను కాయితం తీసిన.
రంగు. వాసన. సమయం.
రాసుకుంట కూసున్న.

అవతలి గట్టున సైదమ్మ
ఆటోల గడ్డిమోపులు తొక్కుతున్నది.
ఎండకాలం గూడ ఎండని గడ్డి.
పట్నం బర్లకొట్టాలల్ల మస్తు గిరాకి.
"ఆళ్లు తానం జేసిన నీళ్లను
ఆళ్లకే చాయల పోపిస్తున్ననే పిల్లా!"
అని నవ్వుతది,
నవ్వుకుంటనే పిక్క గీరుకుంటది.

బోరేస్కోరాదే అని ఒక్కపారి అన్న.
నాయిన చాలసేపు పలకలే.
"మీ తాత బోరునీళ్లే తాగిండు.
ఆఖరి పదేండ్లు
నడుమొంగి, మొగులు మొకం సూడలే.
గీ నీళ్లు కాళ్లనే తింటయి బిడ్డా.
పైగ మూడు కార్లు అన్నం పెడుతున్నయి.
ఇయ్యి రాకముందు
నేను బొంబాయిల తట్ట మోసిన."

ఎగువన మురికి కడిగే ప్లాంటు కడుతున్నరని
ఊర్ల చెప్పుకుంటున్నరు.
"కడిగినంక మనకిడుస్తరా,
మంచిగైనయని ఆళ్లే ఉంచుకుంటరా?"
కాయితం తిరగేసిన.
ఆ మాట రాసే గడి
వెనకదిక్కు గూడ లేదు.

బస్సు హారను కొట్టింది.
డబ్బా ఎత్తుకుంట చెప్పిన.
"ఊపిరుంటే మట్టిరంగుకు తిరగాలె నాయినా.
తెల్లగున్నదంటే... లేనట్టు."

పార భుజాన పెట్టుకున్నడు.
"ఎరికే.
కొర్రమట్ట పోయిన ఏడే ఎరిక.
చదువుకున్నదానివి,
ఏరే మాట ఏమన్న చెప్తవేమో అని..."
తూము షెట్టరు మరో రెండు చుట్లు ఎత్తిండు.
కొస మడి వంతు దాటిపోతున్నది మరి.

బస్సుల జాగ లేదు.
డబ్బా సీటు కింద పెట్టుమన్నడు కండక్టరు.
మా కత్వ సీసా ఒక్కటి
చేతుల్నే ఉండిపోయింది.
గుంతల రోడ్డుకు అడుగుదంత లేసి
సీసా నిండ కలిసింది.

"పాలా అక్కా?" అన్నడు.

చిల్లర తీసిచ్చిన.
నల్లగొండ ఒకటి.