రెండు గీతలు

పెన్సిల్‌తోనే గీస్తాను ఎప్పుడూ.
మగవాళ్లు చదరాలు, ఆడవాళ్లు సున్నాలు,
పోయినవాళ్ల మీదుగా ఒక ఏటవాలు గీత.
నాంపల్లి ఆస్పత్రి, రెండో అంతస్తు,
ఫ్యాను గాలికి కాగితం లేవకుండా
ఒక మూల స్టేప్లరు, ఇంకో మూల వాళ్ల టిఫిన్ డబ్బా.

నర్సింలుకీ స్వరూపకీ మధ్య
రెండు గీతలు గీశాను.
"అందరికి ఒక్కటే గీసినవ్, మాకు రెండేంది మేడం?"
మేనరికం, అన్నాను.
స్వరూప నవ్వింది.
"మా నాయినమ్మనే ఆయనకు అమ్మమ్మ.
సంబంధాలు చూసుడు తప్పిందని
అందరు సంబురపడ్డరు."
కాగితం పైకొసన ఆ ముసలమ్మ, ఈశ్వరవ్వ,
ఒక్క సున్నా.
ఆమె దగ్గర విడిపోయిన రెండు దారులు
ఈ చెక్కబెంచీ మీద మళ్లీ కలిశాయి.

నర్సింలు ఛత్తాబజార్‌లో పెళ్లికార్డులు కూరుస్తాడు.
అతనికి చెప్పడం తేలికే అనుకున్నాను:
నాలుగే అక్షరాలు,
మూడేసి చొప్పున కూడబలుక్కుని చదివే కణం,
నెత్తుటి ఎరుపుకి రాసుకున్న పేజీలో
గ్వానిన్ ఉండాల్సిన చోట సైటోసిన్ పడింది.
ఒక్క అక్షరమే.
"ఒక్కటే అంటరేంది మేడం?
ఒక్క గుడి ఎక్కువ పడ్డందుకు
వధువు విధువు అయింది ఒకసారి.
పిల్ల తండ్రి కొట్టనీకొచ్చిండు.
వెయ్యి కార్డులు నా చేతులతోనే చింపిన."
కాసేపాగి అడిగాడు:
"ఇది ఎవరు కూర్చిన తప్పు?"

ఎవరూ కూర్చలేదు, నర్సింలూ.
కణం రెండయ్యే ప్రతిసారీ
మూడొందల కోట్ల అక్షరాలు ఎత్తిరాస్తుంది,
ప్రూఫూ తనే దిద్దుకుంటుంది,
ఎప్పుడో ఒక రాత్రి దానికి కునుకు పడుతుంది.
ఆ తర్వాత ఆ తప్పునే
ఒత్తు పోకుండా, దీర్ఘం పోకుండా
పిల్లలకి, పిల్లల పిల్లలకి రాసిస్తుంది.

"అవ్వ ఎప్పుడు పాలిపోయే ఉండేది," అంది స్వరూప,
"గోడ సున్నం గీక్కొని తినేది.
కానీ ఊరంత చలిజరంతో పండితే
ఇంటింటికి గంజి పోసింది ఆమెనేనంట."
తప్పు ఒక్కటే ఉంటే ఆ జ్వరానికి కొంత అడ్డమట,
రెండూ కలిస్తేనే...
అంతవరకే చెప్పాను.
మిగతాది బెంచీ కింద కూర్చుని
నా స్టేప్లరు పిన్నులు లెక్కపెడుతోంది.
హన్విక, మూడున్నరేళ్లు.
ఇరవయ్యొక్క రోజులకోసారి
ముక్కూమొహం తెలియనివాళ్ల నెత్తురు.

"నాలుగింట ఒకటన్నరు కద.
ఆ ఒకటి దీనికి అయిపాయె.
ఇగ ముగ్గురు మంచిగనే పుడతరు."
ఈ మాట కోసమే సొరుగులో చింతగింజలు దాస్తాను,
అరగదీసినవి, రెండు.
ఒక పక్క తెలుపు, ఒక పక్క నలుపు.
ఇది నువ్వు. ఇది స్వరూప.
రెండూ నల్లగా పడితే జబ్బు. వెయ్యి.
తెలుపు, నలుపు.
నలుపు, నలుపు.
మళ్లీ వేశాడు.
నలుపు, నలుపు.
గింజలకి ఇందాకటి ఆట గుర్తుండదు, అన్నాను.
ఎందుకన్నానా అనిపించింది.
స్వరూప చేయి పొట్ట మీదికి పోయింది.
పదమూడో వారం. నమూనా ల్యాబులో ఉంది,
శుక్రవారం రిపోర్టు.
కాగితం అడుగున ఆ బిడ్డకొక డైమండు గీశాను,
పేకముక్క మీది గుర్తులాంటిది,
లోపలేమీ పెట్టకుండా.

వాళ్లిద్దరి గుర్తులూ సగం సగం నలుపు.
హన్విక సున్నాని పూర్తిగా నింపాలి పద్ధతి ప్రకారం.
తల్లి కళ్లముందు నింపను నేను,
వాళ్లు వెళ్లాక నింపుతాను.

ఫోనొస్తే కారిడార్‌లోకి వెళ్లాను.
తిరిగొచ్చేసరికి
పెన్సిల్ హన్విక చేతిలో ఉంది, నాలుక బయటికి పెట్టి
ఒక్కొక్కటే శ్రద్ధగా రుద్దుతోంది.
తన సున్నా, నాన్న చదరం, మేనమామలు,
ఎన్నడూ చూడని తాత,
పైకొసన ఈశ్వరవ్వ,
అందరూ నల్లగా.
డైమండు ఒక్కటి వదిలేసింది.
"ఇది గాలిపటం" అంది. తోక గీసింది.

కొత్త కాగితం తీయబోయి
ఎందుకో ఆగి,
దాన్నే ఫైల్లో పెట్టాను.